ఎండాకాలం సంచి

మా అత్తమ్మ పోయింది. మే నెల, ఎండ నడినెత్తి మీదున్న వేళ. తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని, కూలర్ ముందు చాప వేసుకొని, ఒళ్ళో బట్ట పెట్టుకొని పోగులు లాగుతూ కూర్చుంది. "పిల్లా, జర నీళ్ళియ్యి" అని అడిగింది. చెంబు తెచ్చి ఇచ్చాను. సగం తాగి, మిగిలిన సగం నా చేతికే ఇచ్చి, "గిదేం ఉక్కనే తల్లీ" అంది. అంతే. గోడకు ఆనుకొని కళ్ళు మూసుకుంటే నిద్ర పట్టిందనుకున్నాను. ఆ మనిషి పగలు నిద్రపోయే రకం కాదని నాకు తోచేసరికే అంతా అయిపోయింది.

మా ఆయనకు ఫోన్ చేస్తే సాంచెల మోతలో ఏమీ వినపడలేదు. సాంచె అంటే మరమగ్గం, మా వాళ్ళంతా అలాగే అంటారు. "ఏందీ? ఏందీ?" అని ఆయన, "అమ్మ, అమ్మ" అని నేను. చివరికి పక్కవాళ్ళు తమ సాంచెలు ఒక్కొక్కటే ఆపారట. అప్పుడు వినపడింది ఆయనకు. ఆ రోజు సాయంత్రానికి సూరత్ ఉధ్నాలో మా గల్లీ అంతా మా మెట్ల మీదే ఉంది.

ఆమె చాలా మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచిదే, కాదనను. కానీ నోరు మాత్రం పచ్చిమిర్చి. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే గదిన్నర ఇంట్లో ఆ నోటి కింద బతికినదాన్ని, నాకు తెలుసు. నేను ఇంట్లో కూర్చొని చీరల మీద రాళ్ళు అతికిస్తాను. నడుము పట్టేస్తుంది, కళ్ళు మంటలు. దాని మీద ఆమె తెచ్చిపెట్టిన తోట ఒకటి. ఆ తోట నాకు నచ్చి చేసింది కాదు, ఈ మాట ఆమె బతికుండగా మొహం మీదే చెప్పాను కాబట్టి ఇప్పుడు దాచుకోవడం ఎందుకు? అయినా ఆమె పోయాక రాయాలని కూర్చుంటే తోట తప్ప ఇంకోటి కలంలోకి రావడం లేదు.

కడోదరా దాటి, హైవే దిగి, చెరుకు చేల మధ్య మట్టి దారిలో కొంత నడిస్తే ఒక బావి వస్తుంది. ఆ బావి చుట్టూ ఉన్న కాస్త నేలే మా తోట. నేల మాది కాదు, కాకాది. కాకా అంటే మా గల్లీకి బండి మీద కూరగాయలు తెచ్చి అమ్మిన గుజరాతీ రైతు. మోకాళ్ళు పట్టేశాక ఒక రోజు, "అబ్ నహీ హోతా మాసీ" అని బండి ఆపేస్తానన్నాడు. అత్తమ్మ ఊరుకుంటే గదా! "నువ్వు బండి ఆపు, భూమి ఆపకు" అంది. గల్లీలో ఇంటింటికీ తిరిగింది. పంటకు ముందే తలా ఇంత వేసుకోవాలి. సెలవు రోజు చేతనైన వాళ్ళు వచ్చి పని చేయాలి. వచ్చిన కూర ప్రతి ఆదివారం సంచుల్లో సమానంగా పంచుకోవాలి. "పండితే అందరికీ, ఎండితే అందరికీ. తర్వాత నా మీద ఒర్రద్దు" అని ముందే చెప్పింది. తర్వాత అందరూ ఆమె మీదే ఒర్రారు, అది వేరే సంగతి.

మా వంశంలో నాగలి పట్టినవాళ్ళు లేరు. నేతోళ్ళం. అత్తమ్మకు నిలువు పోగు పడుగు తెలుసు, అడ్డపోగు పేక తెలుసు, మట్టి సంగతి తెలియదు. మొదటి ఏడు సొర గింజలు పడుగు పోగుల్లాగా దగ్గర దగ్గరగా, ఒకే వరుసలో పెట్టింది. తీగలన్నీ ఒకదాని మెడ ఒకటి పట్టుకొని కొట్లాడుకున్నాయి. కాకా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "నవ్వురా నవ్వు. నువ్వు వచ్చి ఒక తాకా నేసి సూపియ్యి, అప్పుడు నేను నవ్వుత" అంది తెలుగులోనే. తాకా అంటే సాంచె మీద నుంచి దిగిన నిండు బట్ట చుట్ట. కాకాకు తెలుగు రాదు, ఆమెకు గుజరాతీ సగమే వచ్చు. అయినా ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవాళ్ళు, ఒకరి మాట ఒకరికి అర్థమైనట్టే.

మా మెట్ల గోడకు వరుసగా మేకులుండేవి, ఇంటికొకటి. వారం నడుమ ఎవరి ఖాళీ సంచి వాళ్ళు ఉతికి తెచ్చి తమ మేకుకు తగిలించాలి. సంచి తగిలిందంటే ఆదివారం ఆ ఇంటికి కూర కావాలని అర్థం. తగలలేదంటే ఊరికి పోయారనో, అలిగారనో అర్థం. అలిగిన వాళ్ళ ఇంటికి అత్తమ్మ తానే పోయేది. బతిమాలడానికి కాదు, ఇంకో నాలుగు తిట్టి రావడానికి. చిత్రం ఏమిటంటే మరుసటి రోజుకు సంచి మేకు మీద ఉండేది.

వానలప్పుడు, చలికాలంలో తోట చూడ్డానికి ఎవరైనా వస్తారు. పిల్లల్ని తెచ్చుకొని, ఫోటోలు దిగి, లేత దోసకాయ కొరికి పోతారు. ఎండాకాలంలో రావాలి, అప్పుడు తెలుస్తుంది. గాలి ఆగిపోతుంది. సముద్రం దగ్గరుందన్న మాటే గానీ చెమట ఆరదు, ఒంటికి జిగురు పూసినట్టు ఉంటుంది. బావి అడుగున నీళ్ళు ఒక మూలకు పోయి కూర్చుంటాయి. పాలకూర పేరు కూడా తలవనక్కర లేదు. పుంటికూర, అంటే గోంగూర, గంగవాయిలి కూర, కాసిన్ని గోకరకాయలు, కాస్త బెండ, అంతకు మించి ఏదీ నిలవదు. ఆ బెండ కూడా ఒక పూట ఆలస్యమైతే కట్టె అవుతుంది. అందుకే అత్తమ్మ చెట్టు దగ్గరే ప్రతి కాయ కొనా పుటుక్కుమని విరిచి చూసేది. విరిగితే సంచిలోకి, వంగితే గంపలోకి. ఆ పుటుక్కు పుటుక్కు చప్పుడు వింటుంటే నాకు ఒళ్ళు మండేది. కొన విరిగిన బెండకాయ మర్నాటికి నల్లబడుతుందని ఎన్నిసార్లు చెప్పినా, "మర్నాటిదాంక ఎవలు ఉంచుకుంటరే? తెచ్చిన పూటనే వండాలె" అనేది. నేను మర్నాడే వండేదాన్ని, పంతానికి.

ఎండాకాలం ఆదివారాలు తలచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. తెల్లవారకముందే మొహం మీద నీళ్ళు చిలకరించి లేపేది. షేర్ ఆటోలో పోవడం. ఎండ ఎక్కేలోపు కోయడం, తవ్వడం, తడపడం. ఆకుకూర వాడకుండా తడి గోనెలో చుట్టి మళ్ళీ ఆటో ఎక్కడం. ఆ గోనె నీళ్ళు పక్కవాళ్ళ ప్యాంట్ల మీద కారేవి. ఒకసారి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, "అరే మాసీ, క్యా కర్ రహీ హో!" అని ఎగిరి పడ్డాడు. అత్తమ్మ నిదానంగా, "సల్లగ లేదా బేటా?" అని అడిగింది. ఆటోలో అందరూ నవ్వారు. ఆయన కూడా కాసేపటికి కాళ్ళు చాపి, తడి గోనెకు ఆనించి కూర్చున్నాడు. దిగేటప్పుడు ఒక పుంటికూర కట్ట చేతిలో పెట్టింది. ఆ వారం మా సంచిలో ఒక కట్ట తక్కువ.

ఎప్పుడూ మా సంచే చివర. అందరివీ నిండాక మిగిలింది మాకు. ఒక్కోసారి ముదిరిన కాయలు, పురుగు తిన్న ఆకులు. "కష్టం చేసేది మనం, పుచ్చులు తినేది మనమా?" అంటే, "వంట చేసినామె ముందుగాల తింటదా?" అనేది. ఈ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒక వేసవి సెలవు రోజు పిల్లల గోల పడలేక అందరం డుమస్ బీచికి పోయాం. టమాటా భజియా తిన్నాం. అత్తమ్మ భజియా పిండి విప్పి, లోపలి టమాటా ముక్క బయటికి తీసి, వెలుతురులో పట్టి చూసింది. "ఈ ఎండల గింత గట్టి టమాట ఏడికెల్లి తెచ్చినవ్?" అని బండివాణ్ణి నిలదీసింది. వాడు "మార్కెట్ సే, మాసీ" అన్నాడు. ఆమెకు తృప్తి కలగలేదు. నల్ల ఇసుక మీద కూర్చొని సముద్రాన్ని చాలాసేపు చూసి, "గిన్ని నీళ్ళున్నయ్, ఒక్క చెంబు పనికిరాదు" అంది. వచ్చేటప్పుడు దారంతా టమాటా గురించే ఆలోచించింది. ఆ ఆలోచనే మా కొంప ముంచింది.

మరుసటి వేసవిలో ఉన్న నేలంతా టమాటా, బెండ మళ్ళే వేసింది. కాకా వద్దన్నాడు. "గర్మీ మే ఛావ్ చాహియే, మాసీ. గ్రీన్ నెట్ లాఓ" అన్నాడు. నీడ కోసం ఆకుపచ్చ వల కట్టమని. అత్తమ్మకు అది నామోషీ అయింది. "సూరత్‌ల ఉండి గుడ్డ కొంటమా? నలుగురు నవ్వుతరు" అంది. మా ఆయన, గల్లీలో మగవాళ్ళు కలిసి సాంచెల మీద తప్పు పడి పక్కన పడేసిన పాలిస్టర్ బట్ట అడిగి తెచ్చారు. ఆదివారం పొద్దున కర్రలు పాతి, మళ్ళ మీద ఆ బట్ట బిగించి కట్టారు. నేతోళ్ళు కదా, ఎక్కడా ముడత లేదు, సందు లేదు. నాలుగు వైపులా కిందికి దించి అంచులకు రాళ్ళు కూడా పెట్టారు. పని చూసి ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. ఒక్క సూర్యకిరణం దూరదు అని మా ఆయన గొప్పగా చెప్పాడు. నిజమే, గాలి కూడా దూరలేదు.

ఆ వారం నడుమ అత్తమ్మ పోయి ఒక అంచు ఎత్తితే లోపలి నుంచి ఆవిరి మొహానికి కొట్టింది. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు. టమాటా మొక్కలు ఉడికి నేలకు అంటుకున్నాయి. బెండ ఆకులు నల్లగా వేలాడుతున్నాయి. కాకా ఆ రోజు నవ్వలేదట.

ఆదివారం ఆమె చేసిన పని మా గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మేకుల మీద ఉన్న ఖాళీ సంచులన్నీ భుజాన వేసుకొని, ప్రతి ఇంటి తలుపూ కొట్టి, ఎవరి సంచి వాళ్ళకు ఖాళీగానే ఇచ్చింది. "ఈ వారం నా తెలివి పండింది, కూర పండలే" అని చెప్పింది. కట్టినవాళ్ళను ఎవరూ అననవసరం లేదు, తప్పు తనదే, బట్ట కట్టమన్నది తానే అని చెప్పింది. చాలామంది నవ్వారు. "పోనీ తీయవ్వా, మల్లొచ్చే వారం" అన్నారు. కింది ఇంటి లచ్చవ్వ మాత్రం నవ్వలేదు.

"అక్కా, ఒట్టి సంచి తెచ్చి నవ్వులాటకు చెప్తున్నవా? మా ఇంట్ల టిఫిన్ డబ్బలు కట్టుకొని సాంచెల మీదికి పోయెటోళ్ళు ముగ్గురున్నరు. నీ తెలివి వండి పెట్టన్నా?"

"వండు. ఉప్పు ఎక్కువెయ్యి" అంది అత్తమ్మ. నేను పైమెట్టు మీద నిలబడి తల పట్టుకున్నాను.

లచ్చవ్వ ఆ సంచి మా మెట్ల మీద విసిరేసి లోపలికి పోయింది. మళ్ళీ తగిలించలేదు. తర్వాత గల్లీకి వచ్చే ఇంకో బండి మీద కొనుక్కుంది. ఎదురు పడితే ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. జ్వరాల గురించి, పెళ్ళిళ్ళ గురించి, నీళ్ళ గురించి. తోట గురించి మాత్రం ఒక్క మాట ఉండేది కాదు. కొత్తగా చేరిన ఒకామె మేకు కావాలంటే, లచ్చవ్వ మేకు ఖాళీగానే ఉంది కదా ఇద్దామన్నాను. అత్తమ్మ కళ్ళెర్ర జేసింది. "ఆమె అలిగింది, సచ్చిపోలే. ఇంకో మేకు కొట్టు" అంది.

ఉడికిపోయిన మొక్కలు పీకడానికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. అంచు బట్ట కింద ఒక చోట మాత్రం బెండ మొక్కలు పచ్చగా నిలబడి ఉన్నాయి. జానెడు మేర. ఎందుకో అర్థం కాలేదు. అత్తమ్మ తల ఎత్తి పైనున్న బట్ట చూసింది. అక్కడ పేక తెగి, నేత పడకుండా వదిలిపోయింది. ఉట్టి పడుగు పోగులే, దువ్వెన పళ్ళలాగా. ఆ తప్పుకే ఆ బట్టను పక్కన పడేశారు. ఆ సందుల్లోంచే గాలి దూరింది, ఎండ కూడా కొంచెమే పడింది.

"సూసినవా పిల్లా? సాంచె తప్పు చేసిన కాడ చెట్టు బతికింది" అంది.

ఆ వారం నుంచి మా ఇంట్లో కొత్త పని మొదలైంది. బట్టను మడి వెడల్పుకు కోసి, రెండు వైపులా గట్టి అంచు కత్తిరించి, ఒక చివర నుంచి పేక పోగులు ఒక్కొక్కటే లాగాలి. నాలుగు ఉంచాలి, నాలుగు లాగాలి. జాలీ లాగా తయారవుతుంది. చెప్పినంత తేలిక కాదు. పోగు సన్నం, చెమట చేతికి జారుతుంది, మధ్యలో తెగితే సూదితో వెతుక్కోవాలి. మధ్యాహ్నం పూట గల్లీలో ఆడవాళ్ళు కొందరు మా మెట్ల మీదికి వచ్చి కూర్చొని లాగేవాళ్ళు. పైన ఎండ, కింద సాంచెల మోత. మగవాళ్ళు షిఫ్ట్ దిగి వచ్చి, మేం చేస్తున్నది చూసి బిత్తరపోయేవాళ్ళు. "పగలంత మేం నేసుడు, మీరు ఊడదీసుడా!" అని మా ఆయన అంటే, "నేసుడు అందరికొస్తదిరా. ఊడదీసుడు ఓపికున్నోళ్ళకే వస్తది" అంది వాళ్ళమ్మ.

నాకు ఆ ఓపిక లేదు. రాళ్ళ పని చేసి చేసి ఉన్న నాకు ఇంకో సన్న పని అంటే ఏడుపొచ్చేది. అయినా లాగాను. ఎందుకంటే ఆ జాలీ కింద వేసిన బెండ నిజంగానే ఎండాకాలం దాటింది. ఆ తర్వాత ఏ వేసవిలోనూ సంచి ఆగలేదు. నిండిందని చెప్పను. ఒక్కోసారి గుప్పెడు కాయలు, ఒక పుంటికూర కట్ట, అంతే. కానీ ప్రతి ఇంటికీ పోయింది.

ఈ వేసవి మొదట్లోనే ఆమెకు ఆయాసం వచ్చింది. మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చునేది. డాక్టర్ ఎండలో తిరగొద్దన్నాడు. నేనూ విసిగిపోయి ఉన్నాను. పిల్లల చదువులు, నా నడుము, మా ఆయన షిఫ్టులు. ఈసారి గట్టిగానే చెప్పాను.

"అత్తమ్మా, వానలొచ్చేదాంక ఆపేద్దాం. జాలీలు కూడ పాతగైనయ్, చినిగినయ్. ఎవలు లాగుతరు కొత్తయి? పోయిన ఏడు లాగినోళ్ళు సగం మంది ఈ ఏడు రాలే. వానలు పడ్డంక మల్ల షురు చేద్దాం."

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "సాంచె నడిమిట్ల ఆపితే ఏమైతది?"

"ఏమైతది, మరక పడతది."

"మరక పడితే సరే. పోగు తెగుతది. మల్ల ఎక్కించేటోడు దొరకడు." చెంగుతో చెమట తుడుచుకొని, "వానకాలం కూర ఎవలైనా పంచుతరే. ఎండకాలంల పంచినదే యాదికుంటది. ఈ ఒక్కసారి ఆగిందంటే మల్ల షురు కాదు, రాసి పెట్టుకో" అంది.

రాసి పెట్టుకోలేదు గానీ నాకు తెలుసు, నిజమేనని. ఇప్పటికే కొన్ని మేకులు ఖాళీ. ఒక్క నెల ఆగితే మిగతావి కూడా ఖాళీ అవుతాయి, కాకా నేలను చెరుకుకు ఇచ్చేస్తాడు. ఆ మాట కాకా కూడా అన్నాడు. నిష్ఠూరంగా కాదు, అలసటతో. నాకూ అదే అలసట. కాబట్టి ఆగిపోతే పోనీ అనుకున్నాను. ఆమె మాత్రం కొత్త బట్ట ఒళ్ళో వేసుకొని ఒక్కతే కూర్చుంది. పాత జాలీలు చినిగిన చోట బెండ అప్పుడప్పుడే వాడుతోంది. రోజుకు మూరెడు లాగేది. ఒక రోజు జానెడే. పోయిన రోజు ఎంత లాగిందో నేను చూడలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళతో ఇల్లు నిండింది. అందరూ వచ్చి నా చేయి పట్టుకొని ఏడ్చేవాళ్ళు, తర్వాత కూర్చునేవాళ్ళు. నాకు ఏడుపు సరిగ్గా రాలేదు. ఒంట్లో సత్తువ లేదు. చాప మడిచి మూలన పెట్టిన చోట ఆ బట్ట కూడా అలాగే ఉంది. సగం జాలీ, సగం బట్ట. దాన్ని తీసి చెత్తలో వేయడానికీ చేయి రాలేదు, ముట్టుకోవడానికీ రాలేదు.

దినాల నడుమ ఆదివారం దగ్గరికొచ్చింది. మాకు మైల. చావింటి చేతి మీదుగా కూర ఇంకొకరి ఇంటికి పోకూడదు. అడిగినవాళ్ళకు అదే చెప్పాను. "ఈ వారం సంచి లేదు. వచ్చే వారం సంగతి కూడా తెల్వది" అన్నాను. చెప్పాక లోపల ఏదో బరువు దిగినట్టు ఉంది. నిజం చెబుతున్నాను, దిగినట్టే ఉంది.

అప్పుడు లచ్చవ్వ లేచింది. పొద్దుటి నుంచి గుమ్మం పక్కనే కూర్చొని ఉంది. మూలకు పోయి ఆ బట్ట తీసుకొని, విప్పి, అత్తమ్మ ఎక్కడ ఆపిందో వేలితో తడిమి చూసింది.

"ముట్టుకోకత్తా, అంటు" అన్నాను.

"అంటు మీకు. నాకెందుకుంటదే? స్నానం చేసి పోత" అంది. మోకాళ్ళ మీద బట్ట పరుచుకొని, మొదటి పోగు కోసం గోటితో గీరింది. "నాలుగుంచి నాలుగు లాగుడే గదా?"

"ఆ."

"నేనెన్నడు లాగలే. చూసిన కిందికెల్లి." కాసేపు పోగుతో కుస్తీ పట్టింది. తెగింది. "థూ! గిదేం పనే అక్కా, సచ్చి కూడ పని చెప్తున్నవ్" అని, అప్పుడు బోరున ఏడ్చింది. ఆ ఏడుపుతో నాకూ వచ్చింది. ఇద్దరం అలా ఏడుస్తుంటే పక్కామె ఆ బట్ట రెండో కొస అందుకొని తనూ మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకామె. ఏడవడానికి వచ్చిన చేతులు ఊరికే ఉండలేవు కాబోలు. మధ్యాహ్నం దాటేసరికి బట్ట చుట్టూ మనుషులు. ఎవరో టీ తెచ్చారు. ఎవరో అత్తమ్మ తిట్లు గుర్తు చేశారు. చావింట్లో నవ్వు వినపడితే బాగుండదని ఒక పెద్దామె కసిరింది, తర్వాత ఆమే అందరికంటే గట్టిగా నవ్వింది.

సాయంత్రం లచ్చవ్వ బట్ట మడిచి చంకలో పెట్టుకుంది. "మీరు దినాలైందాంక కదలకుండ్రి. తోటకు మేం పోతం. సంచులు మేం నింపుతం. మా చేతులకు అంటు లేదు" అంది.

"నువ్వు సంచి మానేసి ఎన్నేండ్లైంది అత్తా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"నా మేకు ఉందా పోయిందా?" అని అడిగింది.

ఉందని చెప్పాను. మెట్లు దిగుతూ ఆగి, ఆ మేకును చేత్తో కదిపి చూసింది. గట్టిగానే ఉంది.

ఆ ఆదివారం కాస్త పొద్దెక్కాక మా గుమ్మం ముందు మా సంచి ఉంది. తోట మొదలైనప్పటి నుంచి ఇంకొకరు నింపిన కూర మా ఇంటికి రావడం అదే మొదటిసారి. గుప్పెడు బెండకాయలు, ఒక దోసకాయ, పుంటికూర. ముదరవి కావు, పుచ్చులు కావు. మంచివే మాకు వేశారు. ఒక్క కాయకూ కొన విరగలేదు. ఎవరూ విరిచి చూడలేదు మరి. రెండు కాయలు కట్టెల్లా ఉన్నాయి. వాటిని పట్టుకొని కాసేపు కూర్చున్నాను.

దినాలు అయిపోయాక తోటకు పోయాను. ఎండ అలాగే ఉంది, మబ్బు లేదు. కాకా బావి గట్టు మీద కూర్చొని నన్ను చూసి, "ఆవో బేటా" అన్నాడు. బెండ మడి మీద ఆ కొత్త జాలీ కట్టి ఉంది. కింద నీడ చారలు చారలుగా పడుతోంది. సగం దాకా చారలు గీత గీసినట్టు సమానంగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక చోట వెడల్పు, ఒక చోట ఇరుకు, ఒక చోట తెగి ముడి పడి గజిబిజిగా ఉన్నాయి. ఎవరి చేయి ఎక్కడ మొదలైందో తెలుస్తూనే ఉంది.

ఆ రెండింటి నడుమ ఒక పోగు సగం మాత్రమే లాగి వదిలి ఉంది. బట్ట అంచు దాటి మూరెడు బయటికి వేలాడుతోంది. చేయి చాపి లాగబోయాను.

"దాన్ని ముట్టకే" అంది వెనక నుంచి లచ్చవ్వ. ఆమె చంకలో తడి గోనె ఉంది. "అది మీ అత్త లాగుతున్నది. మేం దాని అవుతలికెల్లి మొదలువెట్టినం."

చేయి వెనక్కి తీసుకున్నాను. చాలాసేపటి తర్వాత చెరుకు చేల మీదుగా కాస్త గాలి వచ్చింది. ఆ పోగు లేచి, బెండ పువ్వుకు తగిలి, మళ్ళీ వేలాడింది. లచ్చవ్వ గోనె నా చేతికిచ్చి, ఆదివారం సంచులకు ఎన్ని కాయలు దిగుతాయో చూడమంది. నేను వంగి మొదటి కాయ కొన విరిచాను.